తత్యానా ఉత్తరానికి శివతాండవ నడక

రష్యన్‌లో ఎమ్మే చేస్తానంటే ఆ రోజుల్లో మా విశాఖపట్నంలో ఎవరూ వింతగా చూసేవారు కాదు. అప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక డ్రాయింగులు, యంత్రాలు, వాటి వెనకాలే మనుషులూ అక్కడినుంచి వచ్చారు. గాజువాక వైపు వెళ్తే ఎండకి ఎర్రబడిన మొహాలతో ఇంజినీర్లు కనిపించేవారు. పక్కనే ఫైలు పట్టుకుని మనవాడొకడు నడుస్తుండేవాడు, దుబాసీ. మా నాన్న ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసేవాడు కాబట్టి ఆ దుబాసీ జీతం ఎంతో ఆయనకి తెలుసు. "ఇంగ్లీషు అందరికీ వచ్చే, నువ్వు రష్యన్ చదువు అమ్మా" అన్నాడు. సాహిత్యం ఆయన లెక్కలో లేదు. నిజం చెప్పాలంటే నా లెక్కలోనూ లేదు.

అలాగని ఇంట్లో రష్యన్ పుస్తకాలకి కొదవ లేదు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్ వచ్చినప్పుడల్లా నాన్న చేతినిండా తెచ్చేవాడు. గట్టి అట్ట, తెల్లటి కాగితం, మాస్కోలో అచ్చయిన తెలుగు అక్షరాలు, ధర చూస్తే నమ్మబుద్ధి కాదు. ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో ఏళ్ళ తరబడి ఉండి చేసిన అనువాదాలు, ఆర్వీయార్ అని పేరు వేసుకునే రాళ్ళబండి వెంకటేశ్వరరావు గారి అనువాదాలు మా గూట్లో భారతం పక్కనే ఉండేవి. 'సోవియట్ భూమి' పత్రికేమో నోటుపుస్తకాల అట్టలకి. ఆ నున్నటి కాగితం మీద ట్రాక్టరు నడుపుతున్న అమ్మాయి బొమ్మ నా లెక్కల పుస్తకం మీద ఏడాదంతా నవ్వుతూనే ఉండేది. ఆ గూట్లోంచి చూస్తే రష్యన్ సాహిత్యమంటే కార్మికులు, యుద్ధం, మంచి మనసున్న అమ్మలు. గోర్కీ పెద్దాయన, మిగతావాళ్ళు ఆయన చుట్టూ.

హైదరాబాద్‌లో తార్నాక దగ్గర, ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న సీఫెల్‌లో, అంటే ఇంగ్లీషూ విదేశీ భాషలూ నేర్పే సంస్థలో, సీటొచ్చింది. ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు గానీ మా నోటికి సీఫెలే. 1989లో చేరాను. మొదటి ఏడాదంతా భాషతో కుస్తీ. మనకి ఎనిమిది విభక్తులు, వాళ్ళకి ఆరే కదా అని ధీమాగా దిగాం. మన విభక్తి మాట వెనకాల బుద్ధిగా వచ్చి కూర్చుంటుంది. వాళ్ళది మాట తోకని మార్చేసి, దాని ముందున్న విశేషణం తోకనీ మార్చేసి, పుంలింగమా స్త్రీలింగమా అని అడిగి మళ్ళీ ఇంకోలా మారుస్తుంది. మన తెలుగు నోటికి ప్రతి హల్లు పక్కనా ఒక అచ్చు కావాలి. వాళ్ళు నాలుగేసి హల్లుల్ని ఒక్క ఊపిరిలో మింగేస్తారు. 'నమస్కారం' అనడానికి వాళ్ళు వాడే మాటని మేం మధ్యమధ్యలో అచ్చులు చల్లి, ఇంత పొడుగు చేసి పలికేవాళ్ళం.

సాహిత్యం పేపర్లు రెండో ఏడాదిలో. క్లాసులో ఆరుగురం. తెలుగువాళ్ళం ఇద్దరం, ఒక మలయాళీ కుర్రాడు, బీహార్ నుంచి ఇద్దరు, పుణే అమ్మాయి ఒకతె. సాహిత్య చరిత్ర చెప్పడానికి ఒక బెంగాలీ సార్ ఉండేవారు. సంవత్సరాలు, ఉద్యమాలు, ఎవరు ఎవరి తర్వాత అన్నది ఆయన చేతిమీదుగానే మా బుర్రలోకి వెళ్ళింది. కానీ పుస్తకాలు చదివించింది మాత్రం లెనిన్‌గ్రాద్ నుంచి వచ్చిన మేడమ్. వాళ్ళ పద్ధతిలో టీచర్ని పేరుకి తండ్రి పేరు జోడించి పిలవాలి. మాకు పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవడమే నోరు రాదు, దానికి తోడు వాళ్ళ నాన్న పేరు కూడానా! ఏడాది చివరిదాకా ఆమె మాకు మేడమే.

యాభై దాటిన మనిషి. పొట్టి జుట్టు, ఎప్పుడూ ఒకే బూడిదరంగు చేతిసంచీ. హైదరాబాద్ ఎండకి ఆమె భయపడేది కాదు, గాలికి భయపడేది. ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోయే గాలి మధ్య కూర్చుంటే మెడ పట్టేస్తుందని, ఊపిరితిత్తులు పాడవుతాయని ఆమె నమ్మకం. అందుకని రాగానే ఒకవైపు కిటికీలన్నీ మూసేది. ఏప్రిల్ నెల, పైన ఫ్యాను ఒకటి నంబర్ మీద కీచుకీచుమంటూ తిరుగుతుంటే, చెమటలు కక్కుతూ మేం పీటర్స్‌బర్గ్ చలి గురించి చదివాం. మా మలయాళీ మిత్రుడు ఓసారి లేచి కిటికీ తెరిచాడు. ఆమె ఏమీ అనలేదు. సంచీలోంచి ఉన్ని శాలువా తీసి మెడకి చుట్టుకుని పాఠం కొనసాగించింది. ఇక ఎవరూ తెరవలేదు.

ఆమె పాఠం చెప్పే తీరు మాకు కొత్త. నోట్సు ఉండదు. 'కథ యొక్క ప్రాముఖ్యత', 'రచయిత సందేశం' లాంటి హెడ్డింగులు ఉండవు. ఒకరు ఒక పేరా పైకి చదవాలి. ఆమె మధ్యలో ఆపుతుంది. ఈ మనిషి ఇక్కడ ఎందుకు కూర్చోలేదు? ఈ గదిలో కొవ్వొత్తులు ఎన్ని? ఈవిడ ఈ మాట ఎవరికి వినబడాలని అంది? గంటలో ఒక పేజీ అయితే గొప్ప. సిలబస్ అవుతుందా లేదా అని మాకు టెన్షన్. ఆమెకి ఆ టెన్షన్ ఏ కోశానా లేదు.

దీనికి తోడు కంఠస్థం. వారానికో పద్యం అప్పజెప్పాలి. మొదటిది పుష్కిన్ 1829లో రాసిన ఎనిమిది పాదాల పద్యం, ఒకప్పుడు మిమ్మల్ని ప్రేమించాను అని మొదలయ్యేది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన పద్యాల్లో రాసిన నవల 'యెవ్గేనీ ఒనేగిన్' మూడో అధ్యాయంలో తత్యానా రాసిన ప్రేమలేఖ మొత్తం అప్పజెప్పమంది. దాదాపు ఎనభై పాదాలు. మేం మొహమొహాలు చూసుకున్నాం. ఎమ్మేకి వచ్చాక ఈ బట్టీ ఏమిటి? ఇంటర్మీడియట్ దాకా బట్టీలు కొట్టీ కొట్టీ, అది చదువు కాదని ఇప్పుడిప్పుడే తెలుసుకున్నాం కదా! బీహార్ కుర్రాడు ధైర్యం చేసి అడిగేశాడు. అర్థం చేసుకుంటే చాలదా మేడమ్ అని. మా దేశంలో స్కూలు పిల్లలు కూడా ఇది అప్పజెబుతారు, మీరు పెద్దవాళ్ళు కాబట్టి ఒక వారం ఎక్కువ తీసుకోండి అంది.

ఈ తత్యానా పల్లెటూరి జమీందారు కూతురు. ఒక్కసారి చూసిన మనిషికి తానే ముందుగా ఉత్తరం రాసేస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ ఉత్తరం తత్యానా అసలు రాసింది ఫ్రెంచిలో అని పుష్కినే చెబుతాడు. ఆ పిల్లకి సొంత భాష రాయడం సరిగా రాదు, నేను రష్యన్‌లోకి మార్చి మీకు చూపిస్తున్నాను అంటాడు. తెలుగు మీడియంలో చదివి కూడా కార్డు ముక్క ఇంగ్లీషులోనే రాయాలనుకునే మా హాస్టల్ అమ్మాయిలకి ఇది చెబితే పడీపడీ నవ్వారు.

నాకు ఆ పాదాలు ఎంతకీ పట్టుబడేవి కావు. ఒకరోజు హాస్టల్లో బట్టలు ఉతుకుతూ అలవాటుగా శివతాండవ స్తోత్రం కూనిరాగం తీస్తున్నాను. మా అమ్మమ్మ నేర్పింది. జటాటవీ గలజ్జల ప్రవాహపావితస్థలే. అది పంచచామరం. లఘువు గురువు, లఘువు గురువు అని ఎనిమిది జంటలు. దాన్ని సగానికి విరిస్తే ప్రమాణి వృత్తం, నాలుగు జంటలు. పుష్కిన్ ఒనేగిన్ దాదాపు అంతా నడిపింది ఆ నాలుగు జంటల మీదే! వాళ్ళకి హ్రస్వదీర్ఘాల లెక్క కాదు, ఒత్తి పలికే అక్షరం లెక్క. కానీ నడక అదే. సబ్బు చేతులతోనే మొదటి పాదం అందుకున్నాను. యా క్వామ్ పిషూ చివో జే బోలే. జటాటవీ గలజ్జల. చక్కగా కూర్చుంది, చివర్లో ఒక తేలిక అక్షరం మాత్రం మిగిలింది.

ఆ నడక దొరికాక రెండు రోజుల్లో ఉత్తరం మొత్తం వచ్చేసింది. క్లాసులో అప్పజెబుతుంటే మేడమ్ కళ్ళు చిట్లించి వింది. అయ్యాక ఆ రాగం ఎక్కడిదని అడిగింది. శివతాండవం రెండు శ్లోకాలు వినిపించాను. బల్లమీద వేళ్ళతో తాళం వేసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, నా చదువులో లోపం ఎక్కడుందో చెప్పింది. పుష్కిన్ ప్రతి జంటలోనూ ఒత్తు వేయడు. చాలా పాదాల్లో, ముఖ్యంగా మూడో జంట దగ్గర, ఒత్తు జారవిడుస్తాడు. నువ్వు అక్కడ కూడా డోలు కొడుతున్నావు, అక్కడ అడుగు గాల్లో ఉండాలి అంది. మళ్ళీ చదివించింది. ఆ గంటలో ఛందస్సు గురించి నాకు తెలిసినంత, అంతకుముందు తెలుగు వ్యాకరణం క్లాసుల్లో గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నప్పుడు కూడా తెలియలేదు.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు చదివింది గోగోల్ 'ఓవర్‌కోటు'. 1842లో అచ్చయిన కథ. కథగా చెబితే రెండు ముక్కలు. అకాకి అకాకియెవిచ్ అనే చిరుద్యోగి, కాగితాలు నకలు రాయడమే అతని పని. పాత కోటు చిరిగిపోతే నానా తిప్పలు పడి కొత్తది కుట్టించుకుంటాడు. తొడుక్కున్న మొదటిరోజు రాత్రే దొంగలు లాక్కుపోతారు. దాన్ని వెతికిపెట్టమని పెద్దాఫీసరు దగ్గరికి వెళ్తే ఆయన గదమాయిస్తాడు, ఇతను మంచమెక్కి చచ్చిపోతాడు. తర్వాత దయ్యమై ఊళ్ళోవాళ్ళ కోట్లు లాక్కుంటాడు. తెలుగులో ఇదివరకు చదివినప్పుడు అయ్యో పాపం అనుకుని పక్కన పెట్టిన కథే.

మేడమ్ అయ్యో పాపం అననివ్వలేదు. లెక్కలు వేయించింది. బ్లాక్‌బోర్డు మీద రూబుళ్ళ పద్దు రాయించింది. అకాకి జీతం ఏడాదికి 400 రూబుళ్ళు. దర్జీ పెత్రోవిచ్ మొదట అడిగింది 150. బేరం తెగింది 80కి. ఇతను ఖర్చుపెట్టే ప్రతి రూబులుకీ చిల్లర పైసా చొప్పున డబ్బాలో వేస్తూ ఏళ్ళ తరబడి కూడబెట్టింది 40 రూబుళ్ళ పైచిలుకు. మిగతా 40 ఎలా వస్తుంది? సాయంత్రం టీ మానేస్తాడు. కొవ్వొత్తి వెలిగించడు, రాసుకోవాల్సి వస్తే ఇంటావిడ గదిలో కూర్చుంటాడు. చెప్పుల అడుగులు అరక్కుండా రాళ్ళ రోడ్డు మీద మునివేళ్ళ మీద నడుస్తాడు. అంతలో బోనసు నలభయ్యో నలభైఅయిదో వస్తుందనుకుంటే అరవై వస్తుంది. ఆ అరవై దగ్గర మా క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టింది. లెక్కలు రాసే మా నాన్న గుర్తొచ్చాడు నాకు. ఆ వారం ఇంటికి రాసిన ఉత్తరంలో ఈ పద్దంతా రాసి పంపాను. జవాబులో ఆయన వేసిన మొదటి ప్రశ్న, లైనింగు గుడ్డ ఎంతయింది అని!

లైనింగు సంగతి కథలో ఉంది మరి. పట్టు ఖరీదని మంచి గట్టి నూలుగుడ్డ వేస్తారు. కాలరుకి ఖరీదైన బొచ్చు కొనలేక పిల్లి తోలు వేస్తారు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మంచి పిల్లి, దూరం నుంచి చూస్తే ఖరీదైన బొచ్చే అనిపించేది.

ఇంకో చోట ఆమె మమ్మల్ని గంటసేపు ఆపేసింది. పెత్రోవిచ్ దగ్గర ఒక నశ్యం డబ్బా ఉంటుంది. మూతమీద ఎవరో జనరల్ బొమ్మ. ఏ జనరలో తెలియదు, మొహం ఉండాల్సిన చోట వేలితో పొడిచి చిల్లు పడితే నలుచదరపు కాగితం ముక్క అంటించారు. కొత్తది కుట్టించుకోవాలనే మాట వినగానే అకాకికి కళ్ళు తిరుగుతాయి, గదిలో అతనికి స్పష్టంగా కనిపించేది మొహం లేని ఆ జనరల్ ఒక్కడే. తర్వాత అకాకిని గదమాయించి చావుకి పంపే పెద్దాఫీసరుని గోగోల్ పేరుతో చెప్పడు, 'ముఖ్యమైన మనిషి' అంటాడంతే. ఆ డబ్బా మీద జనరల్‌ని గోగోల్ ఎందుకు కూర్చోబెట్టాడో మీరే చెప్పండి అని ఆమె ఊరుకుంది. మేం జవాబు వెతుక్కుంటూ వెనక్కి పేజీలు తిప్పుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది.

నాకు ఇష్టమైన చోటు మాత్రం వేరే ఉంది. కొత్త కోటు తొడిగి అకాకిని పంపించాక, పెత్రోవిచ్ వీధిలో నిలబడి చాలాసేపు ఆ కోటునే చూస్తాడు. అంతటితో ఆగక అడ్డదారి సందులోంచి పరుగెత్తి, ముందుకెళ్ళి, తను కుట్టిన కోటుని ఎదురునుంచి మరోసారి చూసుకుంటాడు. తాగుబోతు, ఒంటికన్ను, పెళ్ళాంతో దెబ్బలాడే మనిషి. ఆ పరుగు దగ్గర నాకు అతని మీద కోపం పోయింది. పనివాడి మురిపెం గురించి ఇంతకన్నా బాగా ఎవరైనా రాశారేమో, నేను చదవలేదు.

గోగోల్ 'ఓవర్‌కోటు'లోంచే మేమందరం వచ్చామని దస్తయేవ్‌స్కీ అన్నాడని ప్రతి గైడులోనూ ఉండేది. ఆ మాట పరీక్షలో రాస్తే మార్కులు కోసేస్తానని ఆమె ముందే చెప్పింది. దస్తయేవ్‌స్కీ రాతల్లో అది ఎక్కడా లేదట. ఎవరో ఫ్రెంచి విమర్శకుడి పుస్తకంలోంచి పాకింది.

తుర్గేనెవ్ వచ్చాడు, వెళ్ళాడు. టాల్‌స్టాయ్ పెద్ద నవలలు సార్ ఉపన్యాసాల్లోనే సరి, ఎమ్మేలో వాటిని మూలంలో చదివే టైము ఎవరికుంది? 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' మాత్రం పూర్తిగా చదివాం. ఇంట్లో కర్టెన్లు ఎలా వేలాడదీయాలో చూపించబోయి నిచ్చెన మీంచి జారి, పక్కటెముకల దగ్గర చిన్న దెబ్బ తగిలించుకున్న జడ్జీ, దానితోనే మంచాన పడి పోతాడు. పేపర్లో ఆ వార్త చూసి తోటి జడ్జీలు ముందు ఆలోచించేది ప్రమోషన్ల గురించి. ఇరవై రెండేళ్ళ వయసులో అది చదివి భలే వ్యంగ్యం అనుకున్నాను. ఆఫీసులో ఒక రిటైర్మెంటూ రెండు మరణాలూ చూశాక అది వ్యంగ్యం కాదని తెలిసింది.

దస్తయేవ్‌స్కీ నాకు పెద్దగా పట్టలేదు. మా పుణే అమ్మాయి రాత్రుళ్ళు నిద్ర మానేసి 'నేరము-శిక్ష' చదివి, అందులో హీరో రస్కోల్నికోవ్ గదినుంచి వడ్డీ ముసలమ్మ ఇంటికి 730 అడుగులు కదా అని మా హాస్టల్ నుంచి తార్నాక చౌరస్తా వైపు 730 అడుగులు లెక్కపెట్టి ఎక్కడ తేలతామో చూసింది. నాకు ఆ జ్వరం ఎక్కలేదు. నా మనిషి చెకోవ్.

చెకోవ్ 1890లో సఖలిన్ దీవికి వెళ్ళాడు. రైల్లేని సైబీరియాలో బండ్ల మీద, పడవల మీద దేశం ఆ చివరికి వెళ్ళి, మూడు నెలలకి పైగా ఉండి, అక్కడి ఖైదీల వివరాలన్నీ ఒక్కొక్కరికో కార్డు చొప్పున రాశాడు. ఇంతవరకూ పుస్తకాల్లో ఉంది. మేడమ్ చెప్పింది తిరుగు ప్రయాణం గురించి. ఓడలో హాంగ్‌కాంగ్, సింగపూర్ మీదుగా కొలంబో వచ్చాడు. సింహళం స్వర్గంలా ఉందని ఉత్తరాల్లో రాశాడు. అక్కడ ముంగిసల్ని కొనుక్కుని మాస్కో దాకా తీసుకెళ్ళాడు! ముంగిస మాస్కో ఇంట్లో పూలకుండీల మట్టి తవ్వేస్తూ, అతిథుల టోపీలు లాగుతూ తిరిగిందంటే మాకు నవ్వాగలేదు. మనకి అంత దగ్గర దాకా వచ్చాడా అని నాకొక రకమైన దిగులు కూడా వేసింది. కొలంబో దాకా వచ్చినవాడు ఇంకొంచెం పైకి వచ్చి ఉంటే?

ఆ ప్రయాణంలో ఓడలో చనిపోయినవాళ్ళని గుడ్డలో చుట్టి సముద్రంలో వదలడం చూశాడు. దానిమీదే 'గూసెవ్' కథ రాశాడు. సైన్యంలోంచి ఇంటికి పోతున్న రోగిష్టి సిపాయి ఓడ ఆస్పత్రిలోనే పోతాడు. మనిషి చనిపోయాక కూడా కథ ఆగదు. శవం నీళ్ళలోకి దిగుతుంది, చిన్న చేపలు తప్పుకుంటాయి, సొరచేప వచ్చి గుడ్డ చీలుస్తుంది, పైన ఆకాశం రంగులు మారుతుంది. ఏడుపు లేదు, వేదాంతం లేదు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన నాకు ఆ చివరి పేజీ చదివాక విశాఖ బీచి ఇదివరకటిలా కనిపించలేదు. సెలవులకి ఇంటికొచ్చి అది అమ్మకి తెలుగులో చెబితే, అన్నం తినేటప్పుడు ఇవేం కథలే అని కసిరింది.

ఇదంతా చదువుతున్న ఏడాదే రష్యన్ సాహిత్యం అనేది మా కళ్ళముందే పెద్దదవుతూ వచ్చింది. సిలబస్ పాతది. ఇరవయ్యో శతాబ్దం అంటే గోర్కీ, షోలొకోవ్, మయకోవ్‌స్కీ. కానీ అక్కడ గోర్బచెవ్ అధికారంలోకి వచ్చాక తలుపులు తెరుచుకున్నాయి. పాస్తర్నాక్ 'డాక్టర్ జివాగో' స్వదేశంలో మొదటిసారి 1988లో 'నోవీ మిర్' పత్రికలో వచ్చింది. సోల్జెనిత్సిన్ రాసిన ఖైదీల శిబిరాల చరిత్ర 1989లో అదే పత్రికలో మొదలైంది. సాహిత్య పత్రిక ప్రతులు పాతిక లక్షలు దాటాయని సార్ చెబితే, మన దగ్గర సినిమా పత్రికలకి కూడా అంత లేదు కదా అని నోళ్ళు తెరిచాం. మేడమ్ సెలవులకి వెళ్ళొచ్చినప్పుడు ఆ లేతనీలం అట్టల సంచికలు సంచీలో వేసుకొచ్చి, పాఠం అయ్యాక ఒక్కొక్కటి మా చేతికిచ్చేది. సిలబస్‌లో లేవు కాబట్టి పరీక్షకి రావు. అందుకే కాబోలు అందరం పోటీపడి చదివాం.

ఒకరోజు అలా తెచ్చింది కవయిత్రి అఖ్మతోవా 'రెక్వియెం'. 1930ల చివర్లో కొడుకుని అరెస్టు చేస్తే, అతనికోసం 17 నెలలు లెనిన్‌గ్రాద్ జైలు ముందు క్యూలలో నిలబడిన తల్లి రాసిన కవిత. సోవియట్ యూనియన్‌లో అచ్చుకి నోచుకున్నది 1987లో. అంటే ఆవిడ పోయిన ఇరవై ఏళ్ళ తర్వాత. మరి అంతకాలం ఎక్కడుంది? మేడమ్ చెప్పింది. కాగితం మీద ఉంచితే ప్రాణానికే ముప్పు. గదిలో మైకులు పెట్టి వింటున్నారేమోనన్న అనుమానం. అందుకని అఖ్మతోవా నాలుగు పాదాలు ఒక చిన్న కాగితం మీద రాసి, ఎదుట కూర్చున్న స్నేహితురాలి చేతికిచ్చి, పైకి మాత్రం టీ తాగుతావా, ఈసారి చలి ముందే వచ్చింది అని ఏదో మాట్లాడేది. స్నేహితురాలు లీదియా చుకోవ్‌స్కయా అది కంఠస్థం పట్టి కాగితం తిరిగి ఇచ్చేది. అఖ్మతోవా వెంటనే అగ్గిపుల్ల గీసి యాష్‌ట్రేలో కాల్చేసేది. అలా నమ్మకమైన కొద్దిమంది నోళ్ళలో ఆ కవిత ఏళ్ళ తరబడి దాక్కుంది.

మేడమ్ మాత్రం యూనివర్సిటీ రోజుల్లో తను టైపు ప్రతి చూశానంది. పల్చటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి కొట్టినది, తన చేతికొచ్చింది అడుగు కాపీ, అక్షరాలు సగం కనబడవు. ఒక్క రాత్రికి ఇచ్చారు. తెల్లారేలోగా తిరిగి ఇచ్చేయాలి. కనబడని అక్షరాలు ఊహించుకుంటూ పట్టినంత పట్టానంది. ఆ తర్వాత సంచిక మూసేసి, చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది. జైలు ముందు క్యూలో పెదాలు నీలంగా మారిన ఒక ఆడమనిషి, దీన్ని నువ్వు వర్ణించగలవా అని చెవిలో అడిగితే, వర్ణించగలను అని అఖ్మతోవా చెప్పే చోటు ఒకటుంది. అది వచనం. అక్కడ కూడా ఆమె ఎక్కడా తడుముకోలేదు. బట్టీ ఏమిటని అడిగిన బీహార్ కుర్రాడు ఆ గంటంతా తలెత్తలేదు. పై వారం ఎవరూ అడక్కుండానే అందులోంచి రెండు భాగాలు అప్పజెప్పాడు.

పరీక్షలు రెండు రకాలు. ఏడాది చివర రాతపరీక్ష అందరికీ ఉండేదే, దాని గురించి చెప్పుకోవడానికేం లేదు. మేడమ్ పెట్టిన ఇంటర్నల్ మాత్రం అక్కడి పద్ధతి. బల్లమీద కాగితం చీటీలు బోర్లా పరిచి ఉంటాయి. ఒకటి తీయాలి. దాంట్లో రెండు ప్రశ్నలు, ఒక పద్యం. ఇరవై నిమిషాలు మూల కూర్చుని ఆలోచించుకుని, వెళ్ళి ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. ఇంపార్టెంట్ క్వశ్చన్లు గుర్తుపెట్టుకుని గట్టెక్కే మన విద్యలన్నీ అక్కడ సున్నా. మా మలయాళీ మిత్రుడు జేబులో చర్చి నుంచి తెచ్చిన పతకం పెట్టుకొచ్చాడు. నేను చీటీ తీసేముందు శివుణ్ణే తలుచుకున్నాను, తాండవం ఋణం ఉంది కదా! గూసెవ్, పుష్కిన్ ఛందస్సు వచ్చాయి. ఎగిరి గంతేయాల్సింది. ఛందస్సు దగ్గర ప్రమాణి గురించి రష్యన్‌లో వివరించబోతే లఘువుకీ గురువుకీ మాటలు దొరక్క బల్లమీద దరువేసి చూపించాను. మేడమ్ నవ్వకుండా వింది. ఐదుకి ఐదు వేసింది. వాళ్ళ లెక్కలో అదే నూటికి నూరు.

1991 మేలో ఆమె వెళ్ళిపోయింది. మా రిజల్ట్స్ వచ్చాయి. ఆగస్టులో మాస్కో వీధుల్లో టాంకులు టీవీలో చూశాం. సెప్టెంబరులో లెనిన్‌గ్రాద్ మళ్ళీ సెయింట్ పీటర్స్‌బర్గ్ అయింది, డిసెంబరు కల్లా ఆ దేశమే లేదు. పైబ్యాచ్‌లో కొందరు పది నెలలు మాస్కోలోని పుష్కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివొచ్చారు, మా వంతు వచ్చేసరికి అడగడానికి ఎవరూ లేరు. ఉక్కు ఫ్యాక్టరీలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ గోదావరి అప్పటికే 1990లో మొదలైపోయింది. రష్యన్ ఇంజినీర్లు ఒక్కొక్కరే సర్దుకుంటున్నారు. నాన్న చూపించిన ఉద్యోగం అలా పోయింది. ఆయన ఒక్కమాట అనలేదు గానీ, రాత్రి వార్తల్లో గోర్బచెవ్ మొహం కనబడితే టీవీ కట్టేసేవాడు.

ఆ ఏడాది ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద సోవియట్ పుస్తకాలు గుట్టలుగా కనిపించేవి. రష్యన్, ఇంగ్లీషు, తెలుగు అన్నీ కలిపేసి. ఒక గుట్టలో మా ఇంట్లో ఉన్న పుస్తకాలే కొత్తవి, తాకనివి, కిలోల లెక్కన. చేతిలో ఉద్యోగం లేకపోయినా చెకోవ్ రష్యన్ సంపుటాలు మూడు కొన్నాను. ఒకటీ అయిదూ తొమ్మిదీ. మిగతావి ఎక్కడున్నాయని అడిగితే, ఏది దొరికితే అదేనమ్మా అన్నాడు.

తర్వాత హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ రష్యాకి మాత్రలు పంపడం మొదలుపెట్టాక నాకు పని దొరికింది. మందు పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం చూస్తారు కదా, ఎన్ని పూటలు వేసుకోవాలి, కడుపుతో ఉన్నవాళ్ళు వాడవచ్చా అన్నది. అది రష్యన్‌లో రాయడం. పుష్కిన్‌కి దానికీ ఏ సంబంధమూ లేదు. జీతం మాత్రం ఆ దుబాసీ జీతానికి తగ్గలేదని నాన్న ఒప్పుకున్నాడు.

మేడమ్ దగ్గరనుంచి కొన్నేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. కవరు మీద ఊరి పేరు కొత్తది, దస్తూరీ పాతదే. చివరి ఉత్తరంలో రిటైరయ్యానని, మనవడికి తత్యానా ఉత్తరం నేర్పిస్తున్నానని, వాడు చచ్చినా అప్పజెప్పనంటున్నాడని రాసింది.

మా ఆరుగురికి ఇప్పుడొక వాట్సాప్ గ్రూపుంది. రష్యన్‌తో పని ఉన్నవాళ్ళం ఇద్దరమే మిగిలాం. ఒకరు బ్యాంకులో రిటైరయ్యారు, ఒకరికి పట్నాలో కోచింగ్ సెంటరు. మొన్నీమధ్య మలయాళీ మిత్రుడు తత్యానా ఉత్తరం మొత్తం చదివి వాయిస్ మెసేజ్ పెట్టాడు. బాగానే చదివాడు గానీ, నేనిక్కడ ఒంటరిదాన్ని, నన్నెవరూ అర్థం చేసుకోరు అనే చోటుని ఒక చరణం ముందుకి తెచ్చేశాడని నా వాదన. కాదు, అది అక్కడే వస్తుందని అతను. పుస్తకం తెరిచి చూడకూడదు, ఫోన్లో వెతక్కూడదు అని పుణే అమ్మాయి షరతు పెట్టింది. ప్రస్తుతానికి ముగ్గురం ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. కోచింగ్ సెంటరాయన ఇంకా మెసేజ్ వినలేదు, పరీక్షల సీజనట.